మొక్కు గుండు, కిరాయి జుట్టు

అప్పట్లో మా శాలిబండ వాళ్లకు కువైట్ ఒక దేశం కాదు, ఒక పేట. మలక్‌పేట, ఫలక్‌నుమా, కువైట్ అన్నంత చనువుగా మాట్లాడేవారు. "మీ ఆయన ఏడి?" అని ఎవరైనా అడిగితే "కువైట్ పోయిండు" అని, కూరగాయలకు పోయాడన్నంత తేలిగ్గా చెప్పేదాన్ని. అయితే సెలవు మీద రావడమే తేలిక, తిరిగి వెళ్లడం కాదు. బొంబాయి విమానాశ్రయంలో బల్ల వెనక కూర్చునే మనిషి ముద్ర వేసేదాకా మనం ఎక్కడివాళ్లమో మనకే తెలియదు. ఆ బల్ల ముందు నేను నిలబడ్డ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చెమర్చుతాయి, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

నా చదువు సంగతి ముందే చెప్పేయాలి, ఎందుకంటే తప్పంతా దానిదే. తొమ్మిదో తరగతిలో బడి మాన్పిస్తే, నాలుగు సందుల అవతల ఉన్న గ్రంథాలయంలో పడ్డాను. అక్కడ పుస్తకాలు అక్షర క్రమంలో ఉండేవి. ఏది చదవాలో చెప్పేవాళ్లు లేక 'అ' నుంచి మొదలుపెట్టాను. గృహవైద్యం, గ్రహణాలు, చేపల పెంపకం, న్యాయశాస్త్ర ప్రవేశిక, ఏదీ వదల్లేదు. 'స' సగంలో ఉండగా పెళ్లయింది. (అందుకే హృద్రోగాల గురించి నాకు ఈ రోజుకీ ఏమీ తెలియదు.) కువైట్‌లో మూడో అంతస్తు గదిలో, ఇసుకగాలి రాకుండా కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కుకొని, పెద్ద దిక్కు లేకుండా బాబును పెంచింది కూడా పుస్తకంతోనే. శిశుపోషణ మీద ఒక పుస్తకాన్ని పెళ్లికి ముందే నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాను. బాబు ఏడిస్తే నేను పేజీ వెతికేదాన్ని. ఈలోగా పక్క గది మలబారు అక్క వచ్చి వాణ్ణి ఎత్తుకునేది, వాడు ఊరుకునేవాడు. ఎందుకు ఊరుకున్నాడో తెలుసుకోవడానికి నేను మళ్లీ పేజీ తిప్పేదాన్ని.

బాబుకు మూడో ఏడు వచ్చాక ముగ్గురం సెలవు మీద వచ్చాం. మా ఆయన నెలన్నరకే వెళ్లిపోయారు. ఆడబిడ్డ పెళ్లి ఉందని నేనూ బాబూ ఆగిపోయాం. ఆరు నెలలు దాటితే అక్కడుండే అనుమతి రద్దవుతుంది కాబట్టి, గడువుకు రెండు రోజుల ముందు విమానానికి టికెట్టు తీశారు. బాబు పేరూ ఫొటో కూడా నా పాస్‌పోర్టులోనే ఉన్నాయి. ఆ పాస్‌పోర్టును మాత్రం ఆయన నా చేతికివ్వలేదు. అబిడ్స్‌లో ఏజెంటుకు అప్పగించి, "ప్రయాణం రోజు బొంబాయిలో వాళ్ల మనిషే నీకిస్తాడు" అన్నారు. (ఆయన్ని తప్పుపట్టలేను. రేషన్ కార్డును చదువుతున్న పేజీలో గుర్తుగా పెట్టి, పుస్తకాన్ని గ్రంథాలయానికి తిరిగిచ్చేసిన చరిత్ర నాది.)

ప్రయాణం ఎనిమిది రోజులుందనగా ఆయన ఉత్తరం వచ్చింది. వాళ్ల కంపెనీలో ఒకాయన మీసం తీసేసి బయల్దేరితే, ఫొటోలో మనిషివి నువ్వు కాదని బొంబాయిలో ఒక పూటంతా కూర్చోబెట్టారట. విమానం వెళ్లిపోయిందట. "నువ్వు జాగ్రత్త" అని కింద గీత గీశారు. నాకు మీసం లేదు కదా అని నవ్వుకొని, టికెట్టు ఖాయం చేసుకోవడానికి అబిడ్స్ వెళ్లాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అరుగు మీద మా అత్తమ్మ ఒడిలో ఎవరి పిల్లవాడో, గంధం పూసిన నున్నటి గుండుతో, మురుకు కొరుకుతూ కూర్చున్నాడు. ఎవరింటి పిల్లవాడో అనుకుంటూ రెండు మెట్లు ఎక్కాను. వాడు నన్ను చూసి "అమ్మా" అన్నాడు.

"ఏందే గట్ల సూస్తవ్? పుట్టెంటికలు తీపిచ్చిన. ఎల్లమ్మ తల్లి మొక్కు తీరింది" అంది అత్తమ్మ. పక్కన ఇత్తడి పళ్లెంలో, పసుపు గుడ్డలో, మా బాబు ఉంగరాల జుట్టు మూటగట్టి ఉంది.

"అత్తమ్మా! ఫొటోల జుట్టుంది! గీ గుండు జూసి బొంబాయిల ఆపేస్తరు!"

"గుండు గొట్టిస్తె మొకం మారుతదా? నీ మొగడు మీసం వెట్టి పోయిండు, తీసి వచ్చిండు. నేను గుర్తువట్టలేదా?"

"నువ్వు తల్లివి. ఆడ కూసునేటోడు పోలీసోడు!"

"ఆనికి తల్లి లేదా?" అంది అత్తమ్మ.

పని ముగించి కత్తి తుడుచుకుంటున్న మంగలి చాచా మాత్రం భయపడ్డాడు. "పరేషాన్ గాకు బేటీ. ఉస్తరా వెన్న మీద నడిపినట్టు నడిపిన. ఒక్క గాటు వడలే" అన్నాడు. గాటు పడినా బాగుండేది, అది ఎనిమిది రోజుల్లో మానుతుంది. జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుందని నేను చదివాను. ఎనిమిది రోజులకు ఎంతో లెక్కేశాను, బియ్యపు గింజంత కూడా రాలేదు.

సాయంత్రం మరిది వచ్చాడు. కోర్టు బయట టైపు మిషన్ పెట్టుకొని దరఖాస్తులు కొట్టేవాడు కాబట్టి సందంతా అతన్ని వకీలు అనేది, అతనూ నమ్మేశాడు. గుండు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "వదినా, కానూన్ ప్రకారం ఇది వేషం మార్చుడు కిందికొస్తది" అన్నాడు. ఆపితే విమానం పోతుంది, రెండు రోజులకు గడువు పోతుంది, కువైట్‌లో ఆయనా ఇక్కడ మేమూ ఉండిపోతాం. నా కళ్ల ముందున్నది బాబు ఫొటో. సెలవు మీద వచ్చే ముందు ఫొటోలు కావాలని ఆయన అంటే, కువైట్‌లో స్టూడియోకు తీసుకెళ్లి, ఉంగరాల జుట్టు దువ్వి, ఆరు కాపీలు తీయించి ఇచ్చింది నేనే. ఒకటి నా పర్సులోనే ఉంది. ఎన్నిసార్లు తీసి చూసినా అందులో జుట్టు అట్లాగే ఉంది.

రెండో రోజు నాకు గ్రంథాలయంలోని 'న' బీరువా గుర్తొచ్చింది. అందులో న్యాయశాస్త్రం పక్కనే నాటక ప్రయోగం మీద ఒక పుస్తకం ఉండేది. కృత్రిమ కేశములు, వాటిని జిగురుతో అతికించు విధము, బొమ్మలతో సహా! "గిదేంది వదినా, గిది నిజంగనే వేషం మార్చుడు గదా" అని వకీలు గొణిగాడు గానీ, సుల్తాన్‌బజార్‌కు తోడు వచ్చాడు. నాటకాల సామాను కిరాయికిచ్చే దుకాణంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మేకప్ మాస్టారు ఉన్నాడు. "పిల్లాడి సైజులో ఇదొక్కటే ఉందమ్మా. చిన్నికృష్ణుడిది. నెమలీక కుట్టేసి ఉంది, విప్పదీసి ఇస్తాను. అష్టమికి మాత్రం వచ్చెయ్యాలండోయ్, బుకింగుంది" అన్నాడు. బొంబాయిలో మమ్మల్ని దిగబెట్టి వచ్చేటప్పుడు వెనక్కి తెచ్చే పూచీ వకీలు తీసుకున్నాడు. లోపల ముద్ర పడేదాకా బాబు నెత్తినే ఉండాల్సినదాన్ని బయట నిలబడి ఎట్లా తీసుకుంటాడో ఇద్దరం ఆలోచించలేదు.

మిగిలిన రోజులు ఇంట్లో రిహార్సల్. సందూక పెట్టె వెనక వకీలు అధికారిలా కూర్చునేవాడు, నేను బాబును ఎత్తుకొని వరుసలో నిలబడేదాన్ని. బాబు ఆ విగ్గుకు పిల్లి అని పేరు పెట్టాడు. "అమ్మా, పిల్లి గీరుతుంది" అని రెండు నిమిషాలకోసారి లాగి పారేసేవాడు. లాగకుండా ఉంటే బిస్కెట్టు అని ఆశపెట్టాను. ఆ వారంలో వాడు ఎన్ని బిస్కెట్లు తిన్నాడో గానీ, నాకు మాత్రం ముద్ద దిగలేదు. అత్తమ్మ దూరంగా కూర్చొని, "దేవునికిచ్చిన ఎంటికలు మల్ల నెత్తిన వెడుతున్నరు. ఎల్లమ్మ సూస్తలేదనుకున్నరా?" అనేది. ఆ మాటకు వకీలు కూడా అధికారి కుర్చీలోంచి లేచి దండం పెట్టేవాడు.

బొంబాయి విమానాశ్రయంలో ఏజెంటు మనిషి పాస్‌పోర్టున్న కవరు చేతిలో పెట్టి, "జల్దీ, జల్దీ" అని తోసేశాడు. చంకలో బాబు, భుజాన సంచీ, పళ్ల మధ్య టికెట్టు. కవరు విప్పి బల్ల దగ్గరికి వెళ్లేసరికి నా ముందు ఇంకా పదిమంది ఉన్నారు. వకీలు అద్దం అవతల ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఉక్కపోతకు జిగురు కరుగుతోంది. వెనకున్న ఒకావిడ "ఎంత మంచి జుట్టో!" అని చెయ్యి చాపింది, నేను పక్కకు తిప్పేశాను. "పిల్లి" అని బాబు నా చెవిలో అన్నాడు. "నోర్మూసుకో నాయనా" అన్నాను. (పిల్లలతో అట్లా మాట్లాడకూడదని నా నోటుబుక్కులోనే ఉంది.) పదిమంది ఐదుగురయ్యారు, ఒకరయ్యారు, మా వంతు వచ్చింది.

బల్ల వెనక మనిషి పాస్‌పోర్టు తిప్పాడు. ఫొటో చూశాడు. బాబును చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకొని, మళ్లీ బాబును చూశాడు. "యే బచ్చా వో నహీ హై" అన్నాడు, ఈ పిల్లవాడు వాడు కాదని.

న్యాయశాస్త్ర ప్రవేశికలోంచి కంఠస్థం చేసిన రెండు వాక్యాలు గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. "హౌ సాబ్, వహీచ్ హై సాబ్, మేరా బచ్చాచ్ హై" అని, వాడే వీడు, నా బిడ్డే అని, మా శాలిబండ భాషలో మొత్తుకున్నాను. ఆయన కోప్పడలేదు, పాస్‌పోర్టును నా వైపు తిప్పి ఫొటో మీద వేలు పెట్టాడు.

అందులో ఉన్నది మూడు నెలల పసిగుడ్డు. బత్తాయిలా గుండ్రటి తల, దాని మీద మచ్చుకైనా ఒక్క వెంట్రుక లేదు, ఏడుస్తూ గుహలా తెరిచిన నోరు. బాబు పుట్టిన కొత్తలో వాడి పేరు ఎక్కించినప్పుడు అతికించిన ఫొటో అది. నేను తీయించిన ఆరు కాపీలు కంపెనీ ఫైలుకట. ఆ సంగతి మా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నాకు ఇంకేమీ తోచలేదు. విగ్గు పట్టుకొని ఒక్క గుంజు గుంజాను. జిగురు దారాలు దారాలుగా సాగి, చర్రుమని ఊడింది. బాబు ఆకాశం చిల్లుపడేలా నోరు తెరిచాడు. అదే గుండు, అదే నోరు. బల్ల వెనకాయన ఆ ఫొటోను బాబు చెంపకు ఆనించి ఒకసారి చూసి, "హా, అబ్ ఠీక్ హై" అని ఠప్పున ముద్ర వేశాడు. వరుస వరుసంతా నవ్వింది. బాబు ఏడుస్తూనే ఉన్నాడు. నేను ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో విగ్గును పట్టుకొని, "సాబ్, ఇది బయట మా మరిదికివ్వాలె, అష్టమికి బుకింగుంది" అన్నాను. ఆయన దానికి కూడా కారణం అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో! అడగలేదు. ప్యూనును పిలిచాడు. ప్యూను దాన్ని చచ్చిన ఎలుకలా రెండు వేళ్లతో పట్టుకొని వెళ్లాడు.

అద్దం అవతల నుంచి వకీలుకు కనిపించింది వేరు. వదిన పిల్లవాడి జుట్టు పీకింది, పిల్లవాడు గుక్కపట్టాడు, సర్కారు మనిషి సాక్ష్యం పట్టుకొని తన వైపే వస్తున్నాడు. కానూన్ తెలిసినవాడు కదా, విగ్గు అందుకుని ఒక్క మాట అడక్కుండా స్టేషన్‌కు పరుగెత్తి, దొరికిన రైలెక్కాడు. ఇంటికి వెళ్లి "వదినను, పోరణ్ణి పట్టుకున్నరు" అని కబురు చెప్పాడు. నేను కువైట్ నుంచి ఇచ్చిన తంతి చేరేసరికి అత్తమ్మ రెండు రోజులుగా పచ్చి గంగ ముట్టలేదట. అంతేకాదు, పోరడు సల్లంగ చేరితే ఇంకోసారి గుండు కొట్టిస్తానని ఎల్లమ్మకు మళ్లీ మొక్కేసింది. రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు ఆ మొక్కు తీర్చాం. ఈసారి మంగలి చాచా కత్తి తీయకముందే, "ముందుగాల ఫొటో సూపియ్యి బేటీ" అన్నాడు.

మా ఆయన ఆ రోజు కువైట్‌లో మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చి, కథంతా విని, ఒక్కటే అడిగారు: "చేతికొచ్చాక ఒక్కసారి తెరిచి చూడలేదా?" మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న నేనే వేసుకుంటాను. చేపల పెంపకం చదివావు, గ్రహణాలు చదివావు, పకోడీ పొట్లం కాగితం కూడా వదలవు, నీ పేరూ నీ బిడ్డ పేరూ రాసి ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని తెరవడానికి తీరిక లేకపోయిందా పిల్లా? అప్పటి ఆ ఇరవై మూడేళ్ల పిల్ల, జిగురంటిన వేళ్లతో బిడ్డ గుండు నిమురుతూ, ఎవరి మొహమూ చూడకుండా విమానం వైపు గబగబా నడుస్తూ ఉంటుంది. ఆ వరుసలో ఆ రోజు నవ్వనివాళ్లం నేనూ బాబూ ఇద్దరమే. నా వంతు నవ్వు నేను ఇప్పుడు కొంచెం కొంచెంగా నవ్వుకుంటున్నాను. వాడు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. నడినెత్తి పల్చబడుతున్న ఈ వయసులో ఆ కథ తన ముందు ఎత్తవద్దంటాడు.