బందరు లోడుకు క్లీనర్ రాములవ్వ

బోధన్‌లో లారీ లింబాద్రి అంటే నోరు లేని మనిషని పేరు. పెళ్లయిన నాలుగేళ్లలో అతని నోటి నుంచి రాలిన మాటలన్నీ కొంగున మూటగడితే, రాములవ్వకు ముడి వేసేంత బరువు కూడా ఉండేది కాదు. "అన్నం పెట్టు", "పోయొస్త", "అవ్వ తిన్నదా?" అంతే. అలాగని చెడ్డవాడా అంటే, కాదు. తాగడు, తిట్టడు. లోడు దింపి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి భార్య ఒళ్లో పడేస్తాడు. ఒకసారి పట్నం గాజులు, ఒకసారి బందరు నుంచి అరచేతి వెడల్పు గవ్వ.

"గిదేడిది?" అని ఆమె అడిగింది.

"సముద్రం కాడిది."

"సముద్రం ఎట్లుంటది?"

లింబాద్రి చాలాసేపు ఆలోచించి, "నీళ్లు," అన్నాడు.

రాములవ్వది ఎడపల్లి. కాలువ గట్టున చెరుకు వేసుకునే ఇల్లు. వాళ్లింట్లో ఎద్దులతో కూడా ముచ్చట పెట్టేవాళ్లు. అలాంటి పిల్ల ఈ ఇంటికి వచ్చి, పొద్దంతా అత్త ముత్తవ్వతో, మొగుడు వచ్చిన రెండు రాత్రులు గోడతో మాట్లాడుకుంటూ నాలుగేళ్లు గడిపింది. ఆ మనిషి రోజూ సాయంత్రం ఇంటికి వస్తే ఎన్నటికైనా రెండు మాటలు నేర్పుకుంటానని ఆమె ఆశ.

ఆ ఆశ తీరే రోజు రానే వచ్చింది. ఆ ఏడు చెరుకు ఆడటం అయిపోయి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లారిన ఎండాకాలంలో, ఫ్యాక్టరీ పెద్దసాబు జీపు నడపడానికి డ్రైవరు కావాలన్నారు. నెల జీతం, ఉండటానికి క్వార్టరు, పొద్దుగూకేసరికి ఇల్లు. ముత్తవ్వ ఎవరెవరినో పట్టుకుని కొడుకు పేరు చెప్పించింది. సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చి కనబడమని కబురు వచ్చింది. అత్తాకోడళ్లు సంబరపడిపోయారు. లింబాద్రి మాత్రం, "సూద్దాం తియ్యి," అని చెంబు పట్టుకుని బయటికి పోయాడు.

ఆ వారమే బందరుకు చక్కెర లోడు పడింది. క్లీనరేమో అక్క పెండ్లికి కోటగిరి పోయాడు. లారీ యజమాని ముక్తార్ సేట్ వీళ్ల అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే, లింబాద్రి పక్కకొచ్చి నిలబడి, "మా ఇంటిదాన్ని తోల్కపోత సేట్," అన్నాడు.

సేట్ నోట్లో పాన్ నమలడం ఆగిపోయింది. "అరే, లోడు బండిల ఆడమనిషిని ఎక్కిస్తరా? డ్రైవర్లందరు నవ్వుతరు."

"నవ్వనీ."

"నవ్వనీ అంటడేంది! సరే. గని క్లీనర్ పనంత చెయ్యాలె చెల్లె. చక్రం ఎనక దిమ్మ పెట్టాలె, ఇంజన్‌ల నీళ్లు పొయ్యాలె. మంజూరేనా?"

"మంజూరే సేట్," అంది గడపలో నిలబడ్డ రాములవ్వ. కొంగు అప్పటికే నడుముకు బిగించింది.

ముత్తవ్వ గొణిగింది. "ఇంట్ల కోడలు, బండి మీద క్లీనర్. ఇంకేం సూడాల్నో ఈ కండ్లతోని." అయినా సోమవారం నుంచి ఎలాగూ జీపే కదా అని ఊరుకుంది. తిరిగి వచ్చేటప్పుడు అటునుంచి అటే ఆఫీసుకు పోవచ్చని, కొడుక్కు కుట్టించిన కొత్త తెల్ల అంగీ, పాయింటు మడతపెట్టి మూటగట్టి కోడలి చేతికిచ్చింది. "పాణం లెక్క సూసుకో," అంది.

శుక్రవారం పగలు బయల్దేరారు. నిజామాబాద్ దాకా ఇంజను మోత తప్ప మాట లేదు. డిచ్‌పల్లి దాటాక, దారి కాస్త విశాలమయ్యాక, లింబాద్రి స్టీరింగు మీద చెయ్యి తట్టి, "గా రాయి సూసినవా? ముసలోడు కూసున్నట్టు లేదా? పోయినసారి వానల దండం పెట్టిన, నిజంగ మనిషే అనుకొని," అన్నాడు.

రాములవ్వ రాయిని చూడలేదు. మొగుణ్ణి చూసింది.

అక్కడ మొదలుపెట్టినవాడు ఆగలేదు. ఏ ఎత్తులో ఇంజను ఎలా దగ్గుతుందో చెప్పాడు. చౌటుప్పల్ హోటలతను పెండ్లాంతో కొట్లాడి, గ్లాసులన్నీ ఆమె దాచేస్తే వచ్చినవాళ్లకు చెంబుల్లో చాయ్ పోసిన సంగతి చెప్పాడు. ఆ హోటలతనిలా గొంతు పెట్టి, ఆ పెండ్లాంలా చెయ్యి తిప్పి మరీ చెప్పాడు. రాములవ్వ నవ్వి నవ్వి పక్క పట్టుకుంది. బండి ఆగిన చోటల్లా దిగి చక్రం వెనక దిమ్మ పెట్టింది. ఎడ్లబండ్లు అడ్డం వస్తే తల బయటికి పెట్టి, "జర పక్కకు తియ్యే మామా!" అని ఎడపల్లి గొంతుతో అరిచింది. ఒక చాయ్ కొట్టు దగ్గర ఇంకో లారీ డ్రైవరు ఆమెను చూసి, "ఏం లింబాద్రన్నా, కొత్త క్లీనరా? మీసాలు ఇంకా మొలవనే లేదు!" అన్నాడు.

"మొలిస్తె నీ బండికి డ్రైవరై పోతదని నేనే మొలవనిస్తలేను," అన్నాడు లింబాద్రి. కొట్టు కొట్టంతా ఘొల్లుమంది.

నాలుగేళ్లుగా తన ఇంట్లో అన్నం తిన్నది ఎవరో, ఇక్కడ కూర్చున్నది ఎవరో రాములవ్వకు అర్థం కాలేదు.

లింబాద్రి శనివారం పగటికి బందరు చేరి, చక్కెర బస్తాలు దింపించి, ఖాళీ బండిని సముద్రం ఒడ్డు దాకా తోలాడు. రాములవ్వ అంగీ మూట చంకలో పెట్టుకునే దిగి నిలబడిపోయింది. నిజాంసాగర్ నీళ్లు చూసిన కళ్లు కదా, మొదట అవతలి గట్టు కోసం వెతికింది. గట్టు లేదు.

"గింత నీళ్లకు లష్కర్ ఎవ్వరు?" అంది.

ఎడపల్లిలో నీళ్లంటే లష్కరే. తూము తలుపు అతను ఎత్తితే కాలువలో నీళ్లు, దింపితే బురద. ఒక వంతు అయిపోయిందంటే మళ్లీ వంతు వచ్చేదాకా చుక్క రాదు. అప్పుడు ఆడవాళ్లు కాలువ అడుగునే నడిచి అవతలి చేనుకు పోతారు.

లింబాద్రి ఆ మాట విన్నాడో లేదో, ఇంజనుకు మంచినీళ్లు తెస్తానని డబ్బా పట్టుకుని ఊళ్లోకి పోయాడు. ఆమె చూస్తుండగానే నీళ్లు వెనక్కి వెనక్కి పోయాయి. వంతు అయిపోయింది, లష్కర్ తలుపు దింపాడు అనుకుంది. పై ఇసుకంతా పొడిపొడిగా కాళ్లకు అంటుకుంటోంది. తెల్ల అంగీకి దుమ్ము పట్టకూడదు. నీళ్లు పోయిన చోట ఇసుక అలికిన వాకిలిలా గట్టిగా, శుభ్రంగా ఉంది. మూటను అక్కడ ఒద్దికగా పెట్టి, గవ్వలు ఏరుకుంటూ చాలా దూరం పోయింది.

తిరిగి వచ్చేసరికి మూట ఉన్న చోట మోకాటి లోతు నీళ్లు. ముడి ఊడిపోయి, తెల్ల అంగీ రెండు చేతులూ చాచుకుని లోపలికి ఈదుకుంటూ పోతోంది.

ఆమె కేకకు, అప్పుడే నీళ్లతో తిరిగొస్తున్న లింబాద్రి డబ్బా పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఈత రాదు, అయినా దిగాడు. పాయింటు చేతికి దొరికింది. అంగీ కోసం వంగేలోపు అల ఒకటి వచ్చి బోర్లా పడేసింది. రాములవ్వ వెనక నుంచి అతని బెల్టు పట్టుకుని, బురదలో పడ్డ దూడను లాగినట్టు ఒడ్డుకు లాగింది. లాగి, కూలబడి ఏడ్చింది.

"సోమారం సాబు కాడికి ఏం తొడుక్కొని పోతవయ్యా! వంతు అయిపోయిందనుకున్న. గా లష్కర్‌గాని కండ్లు పోను, మల్ల ఎందుకిడిసిండు నీళ్లు?"

లింబాద్రి ఆమె మొహంలోకి చూశాడు. ముక్కులోంచి నీళ్లు కారుతుండగా నవ్వడం మొదలుపెట్టాడు. ఇసుకలో వెల్లకిలా పడి నవ్వాడు.

"దీనికి లష్కర్ లేడే పిచ్చిదానా. దినాం అదే వస్తది, అదే పోతది. ఎవ్వని మాట ఇనది."

అతను అలా నవ్వగలడని ఆమెకు తెలియదు. ఏడుపు ఆగిపోయి ఆమెకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ లారీ నీడలో కూర్చుని, వేయించిన చేపలు తిని, తడి పాయింటు అద్దం మీద ఆరేసి, నీళ్లు మళ్లీ వెనక్కి పోయేదాకా ముచ్చట్లు చెప్పుకున్నారు.

ఆదివారం తిరుగు దారి. సూర్యాపేట దగ్గర రాములవ్వ అడిగింది. "ఒక మాట అడుగుత. జీపుల సాబు ఎనక కూసుంటె గిట్ల మాట్లాడుతవా?"

"సాబు ముందట ముచ్చట్లా? అడిగినదానికి హా అనాలె, నై అనాలె."

"ఇంటికొచ్చినంక?"

లింబాద్రి ఎదురొచ్చిన ఎడ్లబండిని దాటించాడు. "ఇంట్ల నాకు నోరు రాదే. చిన్నప్పుడు బాపు పోయినంక, అవ్వ పొద్దంత చెరుకు కొట్టి వస్తుండె. తలకాయ నొస్తది, సప్పుడు జెయ్యకురా అంటుండె. గప్పటిసంది గా గడప దాటితె నాలిక ముడుచుకుంటది. గీ స్టీరింగు పట్టుకుంటెనే ఇడుస్తది." తల తిప్పి ఆమెను చూసి, "నువ్వు పొమ్మంటె జీపుకు పోత. నీ మాటే," అన్నాడు.

రోజూ సాయంత్రం వాకిట్లో చెప్పులు విడిచే మొగుడు. నాలుగేళ్లు కోరుకున్నది అదే. చేతిదాకా వచ్చింది. చౌటుప్పల్ వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు.

"ఏమైందే? సముద్రం అంగీతోని నీ నోరు గూడ తీస్కపోయిందా?"

"జీపు వద్దు," అంది. "దినాం ఇంటికి రావాల్ననే ఉన్నది నాకు. గని వచ్చేది నువ్వు గావాలె గద."

లింబాద్రి గేరు మార్చి, ఆ చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మళ్లీ గేరు మార్చాల్సి వచ్చేదాకా వదల్లేదు.

"అవ్వకు నువ్వు జెప్పరాదు?" అన్నాడు కామారెడ్డి దగ్గర, పిల్లాడిలా.

"అవ్వ కొడుకువు నువ్వా, నేనా? నువ్వే జెప్పాలె. నోరు తెరిసి, మొత్తం జెప్పాలె."

సోమవారం పొద్దున ఇల్లు చేరేసరికి ముత్తవ్వ గడపలోనే నిలబడి ఉంది. కొడుకు మాసిన ఖాకీ చూసి, "అంగీ ఏదిరా?" అంది.

లింబాద్రి చెప్పులు విడిచాడు. గడప దాటాడు. నోరు తెరిచి మూశాడు. రాములవ్వ వెనక నుంచి వీపు మీద వేలితో పొడిచింది.

"అవ్వా, జీపుకు పోను," అన్నాడు. అనేశాక ఇక ఆపుకోలేకపోయాడు. "నాకు బండే ఇష్టం. బండి మీదుంటె నాకు మంచిగుంటది. దీన్ని అప్పుడప్పుడు తోల్కపోత. అంగీ సముద్రంల పోయింది. ఎట్ల పోయిందంటె, ఇగో గీ నీ కోడలు సముద్రానికి లష్కర్ ఉన్నడనుకొని..." అంటూ రాములవ్వ మూట పెట్టిన తీరు, గవ్వలేరిన తీరు, అంగీ చేతులు చాచి ఈదిన తీరు, తను బోర్లా పడ్డ తీరు మళ్లీ వాకిట్లోకి దిగి ఆడి చూపించాడు.

ముత్తవ్వ కోపం తెచ్చుకోబోయింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి కూడా. కానీ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఇంత వయసొచ్చిన కొడుకు తన ముందు ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. నలుగురినీ బతిమాలి సంపాదించిన నౌకరి పోయిందన్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసే, అరుగు మీద కూర్చుంది. పక్కన చోటు చేత్తో తుడిచింది.

"కూసో రా. గా సముద్రం ఎంతుంటదిరా? నిజాంసాగర్ అంతుంటదా?"

లింబాద్రి కూర్చున్నాడు. రాములవ్వ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. అగ్గిపెట్టె అత్త కొంగున ఉంది. బయట లింబాద్రి గొంతు ఆగకుండా వినబడుతోంది, మధ్యమధ్య ముత్తవ్వ నవ్వు. అడగడానికి లేవబోయి, మళ్లీ కూర్చుంది. ఆ పూట వంట ఆలస్యమైతే కానిమ్మనుకుంది.