మామ మడి చుట్టూ ఎనభై మొక్కలు

ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, టేపు పట్టుకుని మరీ, తన మామ కూరమడిని ఎలా నాశనం చేయగలడో ఇప్పుడు చెబుతాను. ఆ మనిషి నేనే. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు, కాబట్టి చిన్నతనమని తప్పించుకునే వీలు కూడా లేదు.

సూర్యాపేటలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక పడుతుందో లెక్కగట్టి చెప్పడం నా పని. మేస్త్రీల వెనక తిరిగి నేర్చుకున్నదే తప్ప కాలేజీ చదువు కాదు. ఊళ్ళో నా లెక్కకు తిరుగులేదు. మిర్యాలగూడ దగ్గరి ఊళ్ళో ఉండే మా మామ మాత్రం, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను చేసిన ఏ పనినీ ఒక్కసారీ 'మంచిగున్నది' అనలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అత్తిల్లు ఇంట్లోకి వస్తుందో, రచ్చలోకి వస్తుందో చెప్పకుండానే పోయారు.

ఒకసారి కోదాడ నుంచి వస్తూ మునగాల దగ్గర ఒక నర్సరీలో ఆగాను. నడుమెత్తు మొక్క, ప్రతి కాడ చివరా విప్పిన గొడుగులాంటి ఆకులు.

"ఇది తోటల్లో పెంచే తుంగండి," అన్నాడు నర్సరీ ఆయన. "అడుగున నీళ్ళు నిలవుండాలి. పక్కన పిలకలేస్తుంది. గుర్తు కావాలంటే కాడ వేళ్ళ మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుంటాయి."

అంకె వినగానే నాకు ఆ మొక్క మీద గౌరవం పెరిగి, కొనేశాను.

వరి మట్టయితే మేలన్నాడని, మామ పొలం నుంచి ఒక బస్తా మట్టి తెచ్చి పెద్ద తొట్టిలో నాటాను. రోజూ పొద్దున కొలిచి రెండు లీటర్ల నీళ్ళు. మొదటి వారం నాలుగు పిలకలు, రెండో వారం పదకొండు, మూడో వారం ముప్పై. గోడ మీద సుద్దతో రాసుకుంటూ, మనవణ్ణి ఎత్తుకున్న తాతలా మురిసిపోయాను.

మా ఆవిడ రైతు బిడ్డ. తొట్టిలోకి వంగి చూసి, "గివి మా పొలంల పీకి పారేసే గడ్డి లెక్కున్నయి," అంది.

"పలకలు లెక్కపెట్టు."

కాడను తిప్పి చూసింది. "మూడే ఉన్నయి గని, తల్లికి గొడుగులున్నయి. వీటికి లెవ్వు గదా."

"నువ్వు పుట్టంగనే జడతోని పుట్టినవా?" అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి లోపలికి పోయింది. వాదన గెలిచాననుకున్నాను.

ఇంతలో కోదాడలో మా చిన్న మరదలు ప్రసవించింది. అత్తా మామా నెల రోజులకని బయలుదేరారు. మోకాళ్ళు ఒప్పుకోక పొలం కౌలుకిచ్చాక, మామ సేద్యమంతా ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న కూరమడే. తోటకూర, గోంగూర, మెంతికూర. కన్నబిడ్డను అప్పగించినట్టు దాన్ని నాకు అప్పగించాడు.

"వానలు వడుతున్నయి. ఆదివారం ఆదివారం వచ్చి సూసిపో. ఇంకేం చెయ్యకు."

ఆ చివరి మాట మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ స్పష్టంగానే విన్నాను. కానీ ఆయన చేత 'మంచిగున్నది' అనిపించుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? మడికి నా తుంగతో పచ్చటి అంచు కడదామనుకున్నాను. చుట్టుకొలత అరవై అడుగులు. అంటే ఏడు వందల ఇరవై అంగుళాలు. తొమ్మిది అంగుళాలకొకటి చొప్పున ఎనభై మొక్కలు. అప్పటికి నా తొట్టిలో వందకు పైనే ఉన్నాయి. మేస్త్రీ దారం కట్టి, ఒక్కోటీ కొలిచి నాటాను. గోడ అవతలి ముసలాయన చాలాసేపు చూసి, వెళ్ళి భార్యను కూడా పిలుచుకొచ్చి చూపించాడు. వాళ్ళకు చెయ్యి ఊపాను.

నెల తిరిగేసరికి మొక్కలు దారం దాటి మడిలోకి నడిచాయి. మామ వచ్చిన రోజు నేనే వెంటబెట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఆయన కర్ర ఆనించి నిలబడి చూశాడు. తోటకూర ఎక్కడుందో కాసేపు వెతికాడు. తర్వాత వంగి ఒక మొక్కను పీకాడు. దాని కింద నల్లటి గడ్డలు, జపమాలలా.

"ఏంది గిది?"

"తోట తుంగ, మామా. మూడు పలకలు..."

"పొలం తుంగకు గూడ మూడే ఉంటయి అల్లుడా. మట్టి యాడికెల్లి తెచ్చినవ్?"

"మీ పొలంలదే."

నా కాళ్ళ కింద మట్టి కదిలింది. తొట్టిలో తల్లి మొక్క పెట్టింది ఒక్క పిలకైనా లేదు. నెలల తరబడి నేను నీళ్ళు కొలిచి పోసింది, బస్తా మట్టిలో దాగి వచ్చిన పొలం తుంగ గడ్డలకే.

మామ ఒక కన్ను మూసి మడి అంచు వెంబడి ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. తిడతాడని తల వంచుకున్నాను.

"నలభై ఏండ్లు దీన్ని పీకిన," అన్నాడు చివరికి. "దారం గట్టి నాటినోన్ని ఇయ్యాలనే సూస్తున్న. వరస మాత్రం మంచిగున్నది."

అన్నాడండీ! ఇరవై ఏళ్ళకు అన్నాడు! ఆ మాట అని, మామ మడి గట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మా అత్త పరుగెత్తుకొచ్చి, చూసి, ఆమె కూడా కూర్చుంది.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం నాది పీకుడు పని. మొక్కై వంగనిది మానై వంగదంటారు, తుంగ మాత్రం సులువుగానే వంగుతుంది, తెగి పైభాగం చేతికొస్తుంది, గడ్డ లోపలే నవ్వుతూ ఉంటుంది. ఎనభై పీకిన మరుసటి వారం నూట ముప్పై ఏడు మొలిచాయి. ఆ సంగతి మామకు చెబితే, "లెక్కవెట్టకు. పీకు," అన్నాడు.

కనుక, బురద చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మొక్కకైనా, అదేమిటో మామ చెప్పేదాకా, నేను అంకె పెట్టను. ఆయన నోట రెండో 'మంచిగున్నది' కోసం మరో ఇరవై ఏళ్ళు ఆగుతాను గానీ, దారం కట్టి గడ్డి మాత్రం నాటను.