క్యాసెట్ రెండోవైపు పిన్ని గొంతు

నా చిన్నప్పుడు ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మేమున్న రెండు గదుల ఇంట్లో, ఆదివారం వచ్చిందంటే ఆంధ్రదేశంలో సగం జనం కనిపించేవారు. మిగతా సగం బయట చెప్పుల దగ్గర నిలబడేవారు. అందుకు కారణం మాటల క్యాసెట్లు. ఉత్తరం రాసే ఓపికలేని మా బంధువులు ఊళ్ళో టేపురికార్డరు ముందు కూర్చుని కబుర్లు చెప్పి, ఆ క్యాసెట్‌ను ఢిల్లీ రైలెక్కేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఎవరింటికి వచ్చినా తెలుగువాళ్ళంతా చేరి వినడం మా ఆచారం. అందులో ఎవరి మేనమామ దగ్గినా, తెలుగు దగ్గే కదా అని అందరికీ కళ్ళు చెమర్చేవి.

ఆ ఎండాకాలం క్యాసెట్‌ను వెంటబెట్టుకుని మా అమ్మమ్మే వచ్చింది. మమ్మల్ని చూడటానికని పైమాట. అసలు పని మా పిన్ని సంగతి తేల్చడం. అమ్మకు చెల్లెలైన పిన్ని ఢిల్లీలో ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉండేది. కవిత్వం రాసేది. పోపు వేస్తూ ఒక మాట కోసం ఆలోచనలో పడితే ఆవాలు బొగ్గులైపోయేవి, ఆ ఘాటుకి మీరట్ దాకా జనం తుమ్మేవారు. పెళ్ళికాని పిల్ల మీద చిన్న మాట వినిపించినా ఉద్యోగం మాన్పించి వెంట తీసుకురమ్మని తాతయ్య అమ్మమ్మను పంపాడు. పాపం పిన్ని ఆ వారమంతా ఎవరి కంటా పడకుండా గోడకు వేసిన సున్నంలా మసలుకుంది.

ఆదివారం అందరూ వచ్చారు. ఒకవైపు కబుర్లు అయిపోయాయి. ఊరివాళ్ళు రెండోవైపు ఖాళీగా వదిలిపెట్టేవారు, జవాబు మేము దాని మీద నింపి పంపాలని. ఆ ఖాళీ మీద పిన్ని ముందురోజు తన కొత్త కవిత చదువుకుందనీ, చెరిపేలోగా ఇంటినిండా మనుషులయ్యారనీ మాకెవరికీ తెలియదు. పిన్ని వంటింట్లో పకోడీలు వేస్తుంటే, జవాబు నింపుదామని నాన్న క్యాసెట్ తిప్పి, ఖాళీయో కాదో చూద్దామని మీట నొక్కాడు.

"నువ్వు రాకముందే నీ రాక
నా మెడ వంపుకి తెలుస్తుంది..."

కూలర్ కూడా ఊపిరి బిగబట్టిందనుకుంటాను. పిన్ని చిల్లుల గరిటెతో గుమ్మంలోకి వచ్చి అక్కడే విగ్రహమైపోయింది. గరిటెలోంచి నూనె కారి నేల మీద గంగా యమునలయింది.

మా నాన్న ఆపదలో చురుకైన మనిషి. "భక్తి కవిత్వమండీ. అమ్మవారు స్వామితో చెప్పుకుంటోంది" అన్నాడు. వెంటనే గదిలో చేతులన్నీ జోడింపబడ్డాయి. తెలుగు ముక్క రాకపోయినా పకోడీల కోసం ఏ ఆదివారమూ మానని పక్కింటి పంజాబీ ఆంటీ, "క్యా బోల్ రహీ హై, భాయీసాబ్?" అని అర్థమడిగింది. "భజన్ హై జీ, భజన్" అన్నాడు నాన్న. ఆవిడ చున్నీ తలమీదుగా కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"నీ స్కూటర్ స్టాండు పడిన చప్పుడుకి
నా ఒంట్లో దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి..."

జోడించిన చేతులు విప్పాలో వద్దో తెలియక మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గరుడ వాహనమై ఉంటుంది లెండి" అని నాన్న నీళ్ళు నమిలి, టేపురికార్డరు ఆపబోయాడు. అమ్మమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆపకండి అల్లుడుగారూ."

కవిత చివరిదాకా వింది. పిన్ని సామాను సర్దుకోవడం అప్పటికే మనసులో మొదలుపెట్టి ఉంటుంది.

"దేవుడి మీద కాదండీ ఇది, మనిషి మీదే" అంది అమ్మమ్మ తాపీగా. "మా ఆయన సైకిలు దిగుతూ గంట కొట్టేవారు. ఆ గంటకి నా చేతిలో చెంబు జారిపోయేది. నీరసమేమో అనుకుని కషాయాలు తాగేదాన్ని. దానికి ఇలా మాటలుంటాయని నాకెవరు చెప్పారు?"

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గదంతా ఎంత నవ్విందంటే పైకప్పు రెండంగుళాలు లేచి మళ్ళీ కూర్చుంది. సంగతి తెలిశాక పంజాబీ ఆంటీ చున్నీ దించి, "అచ్ఛా? తో ఫిర్ సే లగావో" అని మళ్ళీ పెట్టమంది.

"ఇంతకీ ఆ స్కూటరబ్బాయి ఉన్నాడా?" అని అడిగింది అమ్మమ్మ.

"ఇంకా లేడమ్మా" అంది పిన్ని.

"దొరికినప్పుడు చెప్పు. మీ నాన్నతో నేను మాట్లాడతాలే."

అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు పిన్నికి అప్పుడొచ్చింది, నవ్వుతో కలిసి. వారం తర్వాత అమ్మమ్మ ఒక్కతే రైలెక్కింది. పిన్ని ఢిల్లీ ఉద్యోగంలోనే ఉండిపోయింది. జుట్టు నెరిసిన ఈ వయసులోనూ ప్రేమ కవితలు చదివి ఫోన్‌లో రికార్డు చేస్తూనే ఉంది, ఇప్పుడు తలుపు తీసి పెట్టుకుని మరీ.

నా ముందు ఎవరైనా సిగ్గుపడుతూ మనసులో మాట ఎత్తితే, నాకూ మా నాన్నలాగే దాని మీద ఏదో ఒకటి కప్పెయ్యాలనిపిస్తుంది. అప్పుడు నాన్న మణికట్టు మీద అమ్మమ్మ చెయ్యి గుర్తొస్తుంది. మొన్న ఇక్కడే ఘాజియాబాద్ ఇందిరాపురంలో మా ఇంట్లో, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే మా అమ్మాయి వంటింటి గుమ్మానికి ఆనుకుని, "మమ్మీ, ఏక్ లడ్‌కా హై" అని, ఆ ఒకబ్బాయి దగ్గరే ఆగిపోయింది. చదువు, ఉద్యోగం, ఈ కాలం కుర్రాళ్ళు అంటూ ఓ ఉపన్యాసం నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.