మూడో వరసలో దగ్గు

కాన్సస్‌లోని ఆ చిన్న ఊరికీ, దాని నీళ్ల బోర్డుకీ ముప్ఫై ఏళ్లుగా లోర్నాయే గుమాస్తా. మేయర్ డ్వైటే బోర్డుకు ఛైర్మన్ కూడా. నీళ్ల రేటు తగ్గించమని మేయరుగా ఉత్తరం రాసేవాడు. అలాగేనని ఛైర్మనుగా తనకు తనే జవాబిచ్చుకునేవాడు. రెండూ టైపు చేసి చేసి లోర్నాకు రోత పుట్టింది.

రెండు పదవులూ ఒక్కడికే కుదరవని చట్టం అడ్డుపడింది. అతను బోర్డు వదిలేసి, ఆ కుర్చీలో పెళ్లాం మార్లీన్‌ని కూచోబెట్టాడు. తను సమావేశం చూడ్డానికొచ్చే జనంలో మూడో వరసలో చేరాడు. ఏదైనా ఓటుకు పెట్టినప్పుడల్లా డ్వైట్ దగ్గితే ఆవిడ "సరే" అంటుంది, దగ్గకపోతే "వద్దు" అంటుంది. ఛీ, సిగ్గూ శరం ఉండక్కర్లా!

లోర్నా సమావేశం వివరాలెక్కించే మినిట్స్ పుస్తకంలో చూసింది చూసినట్టే రాసింది: "డ్వైట్ దగ్గాడు. మార్లీన్ సరేనంది." అలా తొమ్మిదిసార్లు. మరుసటి నెల సమావేశంలో దాన్ని పైకి చదివింది.

డ్వైట్ కాఫీ కప్పుతోనే లేచాడు. "ఏంటా పిచ్చి రాతలు? కొట్టేయ్!"

"తప్పులుంటే సభ్యులు చెప్తారు," అంది లోర్నా. "నువ్వు చూడ్డానికొచ్చినవాడివి, కూచో. మార్లీన్, ఈ మినిట్స్ నీకు సమ్మతమేనా?"

మార్లీన్ అలవాటుగా మొగుడివైపు చూసింది. కోపంలో గుటుక్కున మింగిన కాఫీ డ్వైట్‌కి పొలమారింది. ఒకటే దగ్గు.

"సరే," అంది మార్లీన్.