మోరీకి అటు వార్డు, ఇటు వార్డు

మిర్యాలగూడలో మా పుట్టిల్లూ అత్తిల్లూ ఎదురెదురు. మధ్యలో మోరీ, మురుగు కాలువ. దాని మీద వేసిన చెక్క దాటితే నేను పుట్టింటికి పోయినట్టే. వాన పడితే మాత్రం మిల్లుల బూడిదతో నల్లబడ్డ నీళ్లు రెండిళ్లలోకీ వస్తాయి. తుంటి విరిగి మంచాన పడ్డ మా అమ్మ తడవకుండా మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. మోరీ లోతు చేసి బండలు కప్పించమని ఏళ్లుగా అడుగుతున్నాం. అడగడం మా పని, తలూపడం మా కౌన్సిలర్ పని. ఎవరి పని వాళ్లం శ్రద్ధగానే చేసుకుంటూ వచ్చాం.

ఆ ఏడు బతుకమ్మకు గల్లీలో లైట్లు ఆయనే పెట్టించాడు. మర్యాదకు పిలిస్తే నిజంగానే వచ్చాడు. మా అన్న భార్య, అంటే మా వదిన, మైకు అందుకుంది. ఆమెకు మైకెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఉత్త గొంతే రైల్వే స్టేషన్ దాకా వినబడుతుంది.

"గీ గల్లీల రెండు దిక్కుల ఓట్లన్ని ఒక్కటే. ఈసారి నేనే నిలబడుతున్న. బండలు నేనే ఏపిస్త," అంది.

ఆయన నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. సత్తుపిండి మళ్లీ అడిగి మరీ తిన్నాడు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మేం భక్తి అనుకున్నాం, మా మొహాలకు. ఆయన ఓట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఎన్నికల ముందు కొత్త వార్డుల మ్యాపు మున్సిపల్ ఆఫీసు గోడకెక్కింది. గీత సరిగ్గా మా మోరీ మీదుగా పోయింది. అత్తింటి వరస ఒక వార్డు. పుట్టింటి వరసను పీకి, రైలు పట్టాల అవతల ఆయన చుట్టాలుండే కాలనీకి తగిలించారు. కాలి కింద పడ్డ బల్లిలా ఉంది ఆ వార్డు.

అభ్యంతరాలుంటే చెప్పుకోమన్నారని వదినా నేనూ పోయాం. సీట్లో ఉన్న సారు కోదాడ మనిషి, మర్యాద ఎక్కువ.

"హద్దంటే స్పష్టంగా కనపడాలి కదండీ. మీ మోరీ చూడండి, ఎంత చక్కగా కనపడుతుందో."

"కనబడుతది సారు, కంపు గూడ కొడతది," అంది వదిన.

ఆయన అది కూడా రాసుకున్నాడు. గీత మాత్రం జరగలేదు.

నా బ్యాలెట్‌లో వదిన గుర్తు లేదు. సొంత వదినకు ఓటు వేయలేని బతుకైందని బూత్‌లోనే ఏడుపొచ్చింది. పట్టాల అవతలి కాలనీ ఆమెను ముంచేసింది. అటు ఆయన గెలిచాడు. ఇటు మా వార్డు మహిళలకు రిజర్వు కావడంతో ఆయన భార్య గెలిచింది.

ఒక సుఖం, రెండు వార్డుల కౌన్సిలర్లను అడగడానికి ఒకే ఇంటికి పోతే చాలు. వదిన వాళ్ల సోఫాలో కూర్చుని బండల మాట ఎత్తింది.

"మోరి మా ఆమె వార్డుల పడ్తది అక్కా," అన్నాడాయన.

"నాకేం తెల్వది, ఆయన్నే అడగుర్రి," అని ఆమె చాయ్ పెట్టడానికి లేచింది.

"అయినా బండలేస్తే ఇగ హద్దెట్ల కనబడతది?" అన్నాడు, నిజంగానే బాధపడుతున్నట్టు.

మొన్నటి వానకు మోరీ మీది చెక్క కొట్టుకుపోయింది. చుట్టూ తిరిగి పుట్టింటికి చేరేసరికి నీళ్లు అమ్మ మంచం పట్టెలకు తగులుతున్నాయి. అన్న మంచం ఎత్తి పట్టుకుంటే, వదినా నేనూ కోళ్ల కింద ఇంకో వరస ఇటుకలు పెట్టాం. అమ్మ పైకి చూసింది.

"ఇగ ఫ్యాను నెత్తికి తల్గుతదేమో, సూడుర్రి," అంది.