అరవై ఒకటో అచ్చు

వీధిలో అందరూ ఆమెను అచ్చులమ్మ అంటారు. చెక్క పలక మీద ఉలితో బొమ్మ చెక్కి, రోలరుతో సిరా పూసి, పైన కాగితం పరిచి, చెక్క చెంచా వెనకవైపుతో అంగుళం అంగుళం రుద్ది అచ్చు తీస్తుంది. మొదట్లో ఫ్రేముల కొట్టువాడిని నమ్ముకుంది. ఆ మహానుభావుడు ఆమె బొమ్మలను అద్దాల వెనక పడేసి, "ఎవరూ అడగట్లేదమ్మా" అని దీర్ఘాలు తీసేవాడు. కంటికి కనపడని సరుకు ఎవడడుగుతాడు! విసిగిపోయి నెలచందా మొదలుపెట్టింది. చందా కట్టినవాళ్ళ ఇంటికి నెలకో కొత్త బొమ్మ పోస్టులో వెళ్తుంది. ఏడేళ్ళలో ఆరుగురు కాస్తా అరవైమంది అయ్యారు. ఇంటద్దె, తిండి, సిరా అన్నీ వాళ్ళ చలవే.

అరవై దాటనివ్వదు. ఆమె కుడి భుజం ఒప్పుకున్నది అంతే. ప్రతి అచ్చు కింద పెన్సిలుతో అంకె వేసి సంతకం పెడుతుంది. అరవయ్యోది తీయగానే పలక మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఉలితో లోతుగా గీత లాగుతుంది. ఇక ఆ బొమ్మ మళ్ళీ పుట్టదు. చందాదారులకు ఆమె ఇచ్చిన మాట అదొక్కటే.

కవర్లు, చిరునామాలు, ఉత్తరాలు అక్క పని. అక్క బడిలో పంతులమ్మగా చేసి రిటైరై చెల్లెలి దగ్గరే ఉంటోంది.

ఆ ఉదయం పాత చందాదారు దర్జీ రెండు కాగితాలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమనుకోకండమ్మా. నాకొచ్చింది పదిహేడో నంబరు. మా ఎదురింటి నర్సమ్మ కొత్తగా చేరింది కదా, ఆవిడకొచ్చిందీ పదిహేడే."

"నేనెవర్నీ కొత్తగా చేర్చుకోలేదే!"

రెండింటి మీదా పోయిన నెల నిచ్చెన బొమ్మే. రెండూ తిప్పి చూసింది. ఒకదాని వీపున చెంచా రుద్దిన మెరుపు ఉంది. రెండోది సున్నం కొట్టిన గోడలా బోసిగా ఉంది. అది జిరాక్సు. కింద పెన్సిలుతో పెట్టిన సంతకం మాత్రం అచ్చంగా ఆమెదే. చిన్నప్పుడు ఆమెకు అక్షరాలు దిద్దించింది అక్క. ఇద్దరి చేతిరాతా ఒకటే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం వెనక గదిలో తీరిగ్గా కవర్లకు జిగురు రాస్తోంది.

"ఎన్ని పంపావు?"

అక్క కాగితం వైపు చూసి తల దించుకుంది. "పన్నెండు. గట్టిగా అరవకే, దర్జీ ఉన్నాడు."

"విననీ! పరువు తీసింది నువ్వు, దాచాల్సింది నేనా?"

"ఎంతమందిని లేదు పొమ్మంటాం? అంత ఆశగా రాశారు. నువ్వు చూస్తే చెంచా పట్టుకోలేక మూలుగుతున్నావు. బొమ్మ అదే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

"భుజం నాది, నొప్పి నాది. పేరు కూడా నాదే. నిన్నెవరు వాడుకోమన్నారు?"

"ఆ పేరు రాయడం నేర్పింది నేనేనే."

పుండు మీద కారం చల్లినట్టయింది. జిగురు సీసా వెళ్ళి గోడకు తగిలి భళ్ళుమంది. దర్జీ చడీచప్పుడు లేకుండా మెట్లు దిగిపోయాడు. కోపం రాదూ మరి! పరాయివాడు చేస్తే నాలుగు తిట్టి తలుపేసుకోవచ్చు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

ఈ నెల కోసం సగం చెక్కిన బొమ్మను పక్కన పడేసి, కొత్త పలక తెచ్చింది. అక్క ముందు కాగితం పెట్టి "రాయి" అంది. తను చెబుతుంటే అక్క రాసింది.

"పోయిన నెల మీలో పన్నెండుమందికి వచ్చినవి అచ్చులు కావు, జిరాక్సులు. సంతకం దొంగది. ఆ పని మా ఇంట్లోనే జరిగింది. వెనక చెంచా మెరుపు లేకపోతే తిప్పి పంపండి. మీ చందా మీకిచ్చేస్తాం."

"ఈ నెల అచ్చు ఈ ఉత్తరమే," అంది అక్కతో. "డెబ్భై రెండు తీస్తాను."

"నీ భుజం..."

"ఊడిపోనీ."

"ఇది చూస్తే సగంమంది మానేస్తారే. తర్వాత మనమేం తింటాం?"

"అది జిరాక్సు కొట్టుకి వెళ్ళేముందు ఆలోచించాల్సింది."

అక్క ఉత్తరం చివరికొచ్చి, అలవాటు కొద్దీ, "కింద నీ పేరు పెట్టనా?" అంది.

"నా పేరు పన్నెండుసార్లు పెట్టావు, చాలు. నీది పెట్టు."

చెల్లెలి సంతకాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా దించేసిన ఆ చెయ్యి, సొంత పేరు దగ్గరికొచ్చేసరికి వణికింది. మొదటి అక్షరమే వంకరపోయింది.

"ఇంకో కాగితం ఇవ్వవే. సరిగ్గా రాసిస్తాను."

"అక్కర్లేదు."

అచ్చులో అక్షరాలు తిన్నగా పడేలా ఆమె కాగితాన్ని పలక మీద బోర్లా అంటించి ఉలి అందుకుంది. కోపం ఏమాత్రం చల్లారలేదు. అక్క చెయ్యి ఎక్కడ ఎలా వణికిందో అక్కడ అలాగే చెక్కింది.