కుందలహళ్ళి సముద్రంలో సాంబ్రాణి

ఆ రోజుల్లో, అంటే మరీ పూర్వకాలమేమీ కాదు, కుందలహళ్ళిలో మెట్రో స్తంభాలు లేచి రైలు ఇంకా రాని రోజుల్లో, బెంగుళూరులో ఉద్యోగమంటే కంప్యూటరు ముందు కూర్చోవడమేనని మా కదిరిలో అందరి నమ్మకం. నేను మాత్రం సముద్రపు నత్తలకు చాకిరీ చేసేదాన్ని. ఆ సంగతి చెప్పుకోలేక మా అమ్మ చుట్టాల దగ్గర "ల్యాబులో పని" అని సరిపెట్టేది. (నత్తలని తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావని ఆమె భయం. సంబంధాలు ఎలాగూ రాలేదు, అందులో నత్తల తప్పేమీ లేదు.) కింద దోసెల హోటలు, పైన మా సముద్రం. చెన్నై నుంచి క్యాన్లలో వచ్చిన ఉప్పునీళ్ళు గాజుతొట్లలో పోసి, గాలి పంపులు పెట్టి, దానికి సముద్రమని పేరు పెట్టుకున్నాం. వాసనలో మాత్రం అది అసలు సముద్రాన్ని మించిపోయింది. వర్తూరులో మా ఇంటి ఓనరమ్మ నేను మెట్లెక్కుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

మా పెద్దాయన్ని, ఆయన లేనప్పుడు, ఉప్పు సార్ అనేవాళ్ళం. తాతల కాలం నుంచి బెంగుళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఆయన జీవితమంతా ఒక్క విషయం వెనకే తిరిగారు. సముద్రంలో రాళ్ళ మీద గులాబీ రంగు పూతలా పెరిగే నాచు ఒకటుంది. కంటికి కనపడీ కనపడని నత్తపిల్లలు నీళ్ళలో ఈదుతూ ఈదుతూ, ఆ నాచు వదిలే రసాయనమేదో తగలగానే ఈత మాని అక్కడే దిగిపోతాయి. దిగాకే పెద్దవవుతాయి. అది తగలకపోతే ఎదుగూ బొదుగూ లేకుండా అలాగే తిరిగి తిరిగి, దాచుకున్న ఓపిక అయిపోయి చచ్చిపోతాయి. సముద్రంలో సరే, మన తొట్లలో పెరిగిన నాచుకు అలా పిలిచే శక్తి ఉంటుందా అన్నదే సార్ పట్టుదల. అప్పటిదాకా ఒక్కటీ దిగలేదు. ఆ ఏడాది ఆయన రిటైరవుతున్నారు.

సార్ భార్యను మేం మేడమ్ అనేవాళ్ళం. శుక్రవారం శుక్రవారం చిత్రాన్నం డబ్బాతో వచ్చి, తొట్టి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "దిగినాయా?" అనేవారు. సార్ తల అడ్డంగా ఊపేవారు. "చూడమ్మా, మీ సార్ కంటే నత్తలే మేలు, అవైనా స్వల్ప కదుల్తాయి" అని నావైపు తిరిగి కన్నుగీటేవారు. ఆ వెంటనే ఆయనతో, "దిగిన దినం నాకు చూపియ్యాల. అది చూడకుండా మిమ్మల్ని రిటైరు కానీను" అనేవారు. ఆషాఢంలో జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. కర్మలయ్యాక సార్ పనికి వచ్చారు. ఆ కుర్చీని అక్కడినుంచి జరపడానికి మా ఎవరికీ చేతులు రాలేదు.

దసరా వచ్చింది. చక్రం ఉన్నదానికీ స్విచ్చి ఉన్నదానికీ బొట్టు పెట్టకపోతే బెంగుళూరులో పని జరగదు. ఏటా మా ల్యాబు ఆయుధపూజ మేడమ్ చేసేవారట. (నేను చేరేసరికి అంతకుముందు ఏడాది పూజ అయిపోయింది.) మనిషి పోయి ఏడాది తిరగలేదు కదా, ఈసారి పూజ ఉండదనుకున్నాం. పొద్దున్నే సార్ అరటి పిలకలు, బూడిద గుమ్మడికాయ, సాంబ్రాణి ధూపం పట్టుకుని దిగారు. నా మొహం చూసి ఆయనే అన్నారు: "ఇంట్లో పండగ చేసేదానికి లేదు, సరే. ఇది ఇల్లు కాదు కదమ్మా. ఆమె చేస్తా ఉండె పని, నిలపకూడదు."

సార్‌కు సైన్సు వచ్చినంత బాగా పూజ రాదు. మైక్రోస్కోపుకు మూడు నామాలు పెట్టారు, కటకానికి కూడా. చక్రాలున్న ఆఫీసు కుర్చీ కింద నిమ్మకాయలు పెట్టి, దాన్ని నడపమని నన్నే కూర్చోబెట్టారు. ధూపం ఎంత ఘనంగా వేశారంటే కింద హోటలాయన మంటలనుకుని బకెట్టు నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. బొరుగులు చేతిలో పోసి పంపాం. సార్ ఒక్కో తొట్టి దగ్గరా ఆగి, పొగ చూపిస్తూ, ఏదో గొణుక్కుంటూ తిరిగారు. పంపులు తమ పని తాము చేసుకుపోయాయి. గదిలోని గాలిని, అంటే సాంబ్రాణి పొగను, చక్కగా పీల్చి నీళ్ళలోకి బుడగలు బుడగలుగా ఊదాయి. దిగడానికి సిద్ధంగా ఉన్న ఆఖరి విడత నత్తపిల్లలు ఆ తొట్లలోనే ఉన్నాయి. అడుగు నీళ్ళు తీసి కటకం కింద చూసేసరికి అన్నీ గుల్లలు మూసుకుని పడున్నాయి. నాచు కోసం వెతుక్కోవాల్సిన పిల్లలు సాంబ్రాణికి దణ్ణం పెట్టి పడుకున్నాయనిపించి, పకపకా నవ్వేశాను. తలెత్తితే ఎదురుగా సార్ మొహం.

"ఆమె పూజకు వస్తానే పంపులు నిలిపేస్తా ఉండె" అన్నారు మెల్లగా. "ఈ గుడగుడలో నా మంత్రం దేవునికేం వినపడుతుందని అంటా ఉండె. జీవాలకు గాలాడదని నేను ఏటా గలాటె చేస్తా ఉంటిని. ఈ తూరి అడిగేవాళ్ళు లేరని పంపులు నడిపిస్తిని చూడమ్మా." ధూపం చేత్తో పట్టుకునే నిలబడ్డారు. నేను వెళ్ళి ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టాను. నాకు ఏడుపొచ్చింది.

క్యాన్లలో ఉన్న సముద్రమంతా, అదే, మిగిలిన ఉప్పునీళ్ళన్నీ పోసి నీళ్ళు మార్చాం. పిల్లలు చాలావరకు చచ్చిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం, ఆశ లేకపోయినా అలవాటు కొద్దీ, తొట్టిలో పెరిగిన గులాబీ నాచు ముక్కను కటకం కింద పెట్టి చూశాను. ఒక నత్తపిల్ల దాని మీద తచ్చాడుతోంది. "సార్! రాండి సార్!" అని అరిచాను. ఆయన వచ్చారు గానీ మైక్రోస్కోపు దగ్గరికి రాలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద చెయ్యి వేశారు. "నువ్వే చెప్పమ్మా. గట్టిగా చెప్పు."

జీవితమంతా ఎదురుచూసిన మనిషి కళ్ళతో చూడకుండా నన్ను చెప్పమంటారేమిటి? పాపం, కళ్ళజోడు మర్చిపోయారు కాబోలు, చెవులు కూడా మందగించినట్టున్నాయి అనుకున్నాను. గొంతు పెంచాను. "కాలు బయటికి పెట్టింది సార్! నాచును తడుముతాండాది. ఆగింది. మళ్లీ ఈదుతుందేమో... లేదు సార్, ఈదలేదు. ఈతకొట్టే రెక్కలు రాలిపోతాండాయి సార్! ఇంగ యాడికీ పోదు. గట్టిగా కరుసుకుండాది. దిగింది సార్, దిగింది!" వెనక నుంచి "ఊ" అని వినపడింది. వినపడలేదేమోనని మొదటి నుంచీ ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను. కింద హోటలాయన మళ్ళీ పైకొచ్చాడు. ఈసారి బకెట్టు లేదు.

సార్ రిటైరై వెళ్ళిపోయిన చాలా రోజులకు గానీ నేను ఎవరికి చెప్పానో నాకు వెలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే, కటకం మీద వంగి, వీధంతా వినపడేలా అరుస్తున్న ఆ మట్టిబుర్ర పిల్లను చూసి నవ్వొస్తుంది, కళ్ళూ తడుస్తాయి. అప్పుడే అర్థమై ఉంటే సగంలో గొంతు పూడుకుపోయి ఆగిపోయేదాన్ని. తెలియకపోబట్టే మేడమ్‌కు అంతా చెప్పగలిగాను.